షట్టరు అర అడుగు లేపు

పెళ్లిళ్ల సీజను వచ్చిందంటే బందరు కోనేరు సెంటర్ చుట్టుపక్కలా, గుడివాడ నెహ్రూ చౌక్ దగ్గరా డీటీపీ షాపుల వాళ్లకు తిండికి కూడా తీరిక ఉండదు. పొద్దున్నే కంప్యూటరు ఆన్ చేశాక తెలుగు టైపు కోసం అను స్క్రిప్ట్ మేనేజర్ తెరవాలి, దాని వెనకాల పేజ్‌మేకర్, తర్వాత ఫొటోషాప్. కాస్త చురుకైన ఆపరేటరైతే రోజూ ఇన్నిసార్లు నొక్కడం ఎందుకని, మూడింటినీ వరసగా తెరిచే బ్యాచ్ ఫైలు ఒకటి రాసుకుంటాడు. నాలుగు లైన్లు చాలు. దాని మీద రెండు నొక్కులు నొక్కి టీకి వెళ్లి వచ్చేసరికి ప్రోగ్రాములన్నీ తెరిచి ఉంటాయి. నిన్న రాత్రి సగంలో ఆపేసిన శుభలేఖ కూడా పేజ్‌మేకర్‌లో సిద్ధంగా ఉంటుంది.

ఇంతకీ పేజ్‌మేకర్‌ను తెరిచింది ఎవరు? ఆపరేటరు అనుకుంటాం గానీ, అతను నొక్కింది బ్యాచ్ ఫైలును. ఆ నొక్కును అందుకున్నది ఎక్స్‌ప్లోరర్ అనే ప్రోగ్రాము. విండోస్‌లో మనకు కనిపించే డెస్క్‌టాప్, ఫోల్డర్లు అన్నీ దాని పనే. బ్యాచ్ ఫైళ్లు చదవడం వచ్చిన సీఎండీ అనే ఇంకో ప్రోగ్రామును అది లేపింది. సీఎండీ ఆ ఫైలులోని లైన్లు ఒక్కొక్కటే చదువుతూ మిగతావాటిని లేపింది. కంప్యూటరులో ఏ ప్రోగ్రామూ తనంత తాను లేవదు. అప్పటికే మేలుకుని ఉన్న ప్రోగ్రాము ఏదో ఒకటి దాన్ని లేపాలి. కరెంటు వచ్చిన క్షణం నుంచి ఈ వరస మొదలవుతుంది, చివరికి మన శుభలేఖ దాకా వస్తుంది.

లేపడం తేలికైన పనే. లేపుతూ అందించే మాటలోనే చిక్కంతా. ఏ ఫైలు తెరవాలి, ఏ ప్రింటరుకు పంపాలి, కిటికీ చూపించాలా వద్దా వంటి వివరాలను పారామీటర్లంటారు. వాటిని మన కంటితో చూడొచ్చు కూడా. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, డీటెయిల్స్ ట్యాబ్‌లో పై వరస మీద కుడి నొక్కు నొక్కి, "కమాండ్ లైన్" అనే కాలమ్‌ను చేర్చండి. మనం తెరిచిన ప్రతి ప్రోగ్రాము పక్కనా దాన్ని లేపినప్పుడు చెప్పిన వాక్యం మొత్తం కనిపిస్తుంది. బ్రౌజరు పక్కన ఉండే వాక్యం ఒక్కోసారి అరపేజీ ఉంటుంది. క్రోముకు "కియోస్క్ ప్రింటింగ్" అనే పారామీటరు ఇచ్చి లేపితే ప్రింటు నొక్కిన ప్రతిసారీ ప్రింటరు ఏది, కాపీలు ఎన్ని అని అడగకుండా నేరుగా ప్రింటు తీస్తుంది. బిల్లింగ్ కౌంటర్లలో కాగితం అంత చకచకా రావడానికి ఇలాంటి చిన్న మాటే కారణం కావచ్చు.

కృష్ణా డెల్టా కాలువల మీద పనిచేసే లస్కర్లకు ఇదేమీ కొత్త సంగతి కాదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయినప్పుడూ, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాకా నీళ్లు చేను చేరేది ఒక మాట మీదే: ఫలానా లాకు దగ్గర ఫలానా షట్టరు అర అడుగు లేపు. కదిలించాల్సిన షట్టరు ఏదో ఆ మాటలో ఉంది, ఎంత లేపాలో ఉంది. పని అయ్యాక లస్కరు తిరిగి కబురు చెప్పాలి, అది మూడోది. "షట్టరు లేపు" అని ఊరుకుంటే అతను తనకు తోచినంత లేపుతాడు. అప్పుడు ఎగువన చేలు మునగొచ్చు, బందరు కాలువ చివరి భూములు ఎండొచ్చు, పులిగడ్డ అక్విడక్టు దాటి దివిసీమకు చుక్క వెళ్లకపోవచ్చు. ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రామును నడిపించడంలో ఉన్నవీ ఈ మూడే: పేరు, పారామీటర్లు, తిరుగు కబురు.

ఇరవై ఏడు లైన్లు

ఆదేశాలను ఒక ఫైలులో వరసగా రాసి, మధ్యమధ్య ఖాళీలు వదిలి, నడిపించేటప్పుడు ఆ ఖాళీలను నింపే పద్ధతి 1960ల మొదట్లోనే వచ్చింది. అమెరికాలోని ఎంఐటీలో సీటీఎస్‌ఎస్ అనే వ్యవస్థ మీద పనిచేస్తున్న ఫ్రెంచి ఇంజనీరు లూయీ పూజాన్ దీనికోసం రన్‌కామ్ అనే ప్రోగ్రాము రాశాడు. ఆదేశాలు అందుకుని ప్రోగ్రాములను నడిపే పై పొరకు "షెల్" అని పేరు పెట్టిందీ ఆయనే. మన డీటీపీ ఆపరేటరు బ్యాచ్ ఫైలు ఆ రన్‌కామ్‌కు మునిమనవడు. యూనిక్స్ కుటుంబంలో ప్రోగ్రాములు లేవగానే చదువుకునే ఫైళ్ల పేర్ల చివర ఇప్పటికీ కనిపించే "ఆర్‌సీ" అనే రెండక్షరాలు కూడా రన్‌కామ్ నుంచి వచ్చినవే.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ పీడీపీ-7 అనే చిన్న యంత్రం మీద యూనిక్స్ మొదలుపెట్టారు. కొత్త ప్రోగ్రామును లేపడానికి వాళ్లు ఎంచుకున్న దారి మొదటిసారి వింటే తిక్కగా అనిపిస్తుంది. నడుస్తున్న ప్రోగ్రాము ముందు తనకు తానే అచ్చంగా ఇంకో ప్రతిని పుట్టిస్తుంది. దీన్ని ఫోర్క్ అంటారు. ఆ రెండో ప్రతి తన లోపలి సరుకంతా పారేసి, కావలసిన కొత్త ప్రోగ్రామును తనలోకి ఎక్కించుకుంటుంది. ఇది ఎగ్జెక్. సరాసరి కొత్తదాన్నే లేపొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే పీడీపీ-7 మీద ఫోర్క్‌ను చేర్చడానికి కేవలం 27 లైన్ల అసెంబ్లీ కోడు సరిపోయిందని రిచీ తర్వాత రాశాడు. యంత్రం చిన్నది, మెమరీ తక్కువ. చవగ్గా వచ్చిన దారి అది. యాభై ఏళ్లు దాటినా లైనక్స్ సర్వర్లలో ఇప్పటికీ అదే దారి.

ఫోర్క్ వచ్చిన కొత్తలో ఒక తమాషా జరిగింది. ఫోల్డరు మార్చే ఆదేశం ఉన్నట్టుండి పనిచేయడం మానేసింది. ఆదేశంలో తప్పేమీ లేదు. కొత్త పద్ధతిలో ప్రతి ఆదేశాన్నీ పిల్ల ప్రతి నడుపుతుంది కదా, పిల్ల తన ఫోల్డరు బుద్ధిగా మార్చుకుంది, పని అయిపోయిందని చచ్చిపోయింది. తల్లి మాత్రం ఉన్నచోటే ఉంది. ఈ ఆదేశాన్ని మాత్రం షెల్ పిల్లకు అప్పగించకుండా తానే చేసుకోవాలని అప్పుడు తేల్చుకున్నారు. బ్యాచ్ ఫైళ్లు రాసేవాళ్లకు ఈ కథ ఈనాటికీ పనికొస్తుంది. పిల్ల ప్రోగ్రాము తన పరిసరాల్లో ఏం మార్చుకున్నా అది తల్లికి అంటదు. తల్లి పిల్లకు ఇవ్వగలిగింది ఇవ్వాలంటే లేపేటప్పుడే ఇవ్వాలి.

యూనిక్స్ చేసిన ఇంకో పని నా దృష్టిలో ఫోర్క్ కన్నా గొప్పది. ఎగ్జెక్‌కు పారామీటర్లను ఒకే వాక్యంగా ఇవ్వరు, జాబితాగా ఇస్తారు. మొదటి మాట ఇది, రెండో మాట ఇది, మూడో మాట ఇది అని విడివిడిగా. మాట మధ్యలో ఖాళీ ఉన్నా, కొటేషన్ గుర్తు ఉన్నా, తెలుగు అక్షరం ఉన్నా సిస్టమ్ దాని జోలికి పోదు, బైట్లను ఇటు అందుకుని అటు ఇస్తుంది. "బందరు" అని యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో పంపితే 15 బైట్లు వెళ్తాయి: బ, సున్న, ద, ర, కొమ్ము, ఒక్కోదానికి మూడేసి. అవతల ప్రోగ్రాముకు చెక్కుచెదరకుండా అవే 15 బైట్లు అందుతాయి. యూటీఎఫ్-8ను 1992లో తయారుచేసిన ఇద్దరిలో ఒకరు ఆ కెన్ థాంప్సనే కావడం బాగుంది.

పని పూర్తి చేసిన పిల్ల ఒక అంకె వదిలి వెళ్తుంది. సున్నా అయితే పని జరిగినట్టు, ఇంకేదైనా అయితే ఏదో తేడా వచ్చినట్టు. తల్లి ఆ అంకెను తీసుకునేదాకా పిల్ల పేరు పట్టికలో అలాగే ఉండిపోతుంది. ప్రాణం ఉండదు, పట్టికలోంచి పోదు. వీటినే జాంబీలంటారు. పిల్ల కన్నా తల్లే ముందు పోతే ఆ అనాథను సిస్టమ్‌లో ఒకటో నంబరు ప్రోగ్రాము దత్తత తీసుకుంటుంది. ఇది కవిత్వం కోసం చెబుతున్నది కాదు, లైనక్స్‌లో మామూలుగా జరిగే వ్యవహారం.

ఒకే తీగ మీద అన్ని మాటలూ

డాస్‌లో, ఆ తర్వాత విండోస్‌లో దారి వేరు. అక్కడ పారామీటర్లు జాబితాగా కాక ఒకే పొడుగాటి వాక్యంగా వెళ్తాయి. డాస్‌లో ఆ వాక్యానికి కేటాయించిన చోటు 128 బైట్లు. ఇప్పటి విండోస్‌లో ఆ హద్దు 32,767 అక్షరాలు, సీఎండీ ద్వారా వెళ్తే 8,191. చోటు పెరిగింది గానీ పద్ధతి మారలేదు. వాక్యాన్ని మాటలుగా తెంపే పని సిస్టమ్ చేయదు, లేచిన ప్రోగ్రామే చేసుకోవాలి. ఎక్కువ ప్రోగ్రాములు మైక్రోసాఫ్ట్ సీ లైబ్రరీ నియమాలను పాటిస్తాయి. కొన్ని సొంత నియమాలు పెట్టుకుంటాయి. చెప్పేవాడు ఒకలా తెంచి చెబితే, వినేవాడు ఇంకోలా తెంచి వినొచ్చు.

ఖాళీలు లేని రోజుల్లో ఇది పెద్ద ఇబ్బంది కాలేదు. డాస్‌లో ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు, చుక్క, మూడు అక్షరాలు. మధ్యలో ఖాళీ పెట్టాలన్న ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదు. విండోస్ 95 పొడుగు పేర్లకు తలుపు తెరిచింది, పేర్లలో ఖాళీలూ వచ్చాయి. ఆ వ్యవస్థలో ముఖ్యమైన ఫోల్డరు పేరు "ప్రోగ్రామ్ ఫైల్స్". మధ్యలో ఖాళీ. కొటేషన్లు పెట్టకుండా దాన్ని చెబితే విండోస్ ముందు "ప్రోగ్రామ్" అనే పేరుతో ఏదైనా ప్రోగ్రాము ఉందేమోనని చూస్తుంది. ఎవరైనా దుర్బుద్ధితో సీ డ్రైవులో ఆ పేరుతోనే ఒక ప్రోగ్రాము పెట్టి ఉంటే అసలుదానికి బదులు అది లేస్తుంది. దశాబ్దాలుగా తెలిసిన లోపమే అయినా, కొటేషన్లు మరిచిన సాఫ్ట్‌వేర్లు ఇప్పటికీ బయటపడుతూనే ఉన్నాయి.

శుభలేఖ ఫైలు మీద రెండు నొక్కులు నొక్కినప్పుడు జరిగేదీ ఇదే. ఫైలు పేరు చివరి అక్షరాలను బట్టి దాన్ని ఏ ప్రోగ్రాము తెరవాలో విండోస్ రిజిస్ట్రీలో వెతుకుతుంది. అక్కడ ప్రోగ్రాము దారి, దాని పక్కన శాతం గుర్తు వేసి ఒకటి అంకె ఉంటాయి. ఆ గుర్తు ఉన్నచోట మనం నొక్కిన ఫైలు పేరును పెట్టి వాక్యం పూర్తి చేస్తారు. పూజాన్ వదిలిన ఖాళీ అదే. ఆ శాతం గుర్తుకు అటూ ఇటూ కొటేషన్లు ఉంటే "వెంకటేశ్వరరావు గారి అమ్మాయి పెళ్లి" అనే పేరు ఒక్క మాటగా వెళ్తుంది. లేకపోతే నాలుగు మాటలై, అలాంటి ఫైళ్లేవీ లేవని నాలుగు సందేశాలొచ్చినా రావొచ్చు. కొటేషన్లు పెట్టినా గండం పూర్తిగా గడవదు. ఫోల్డరు పేరు చివర వెనక్కి వాలిన గీత ఉండి, వెంటనే కొటేషన్ వస్తే, సీ లైబ్రరీ నియమం ప్రకారం ఆ కొటేషన్ ముగింపు గుర్తు కాదు, పేరులో ఒక అక్షరం. అక్కడి నుంచి తర్వాతి మాటలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

తెలుగువాళ్లకు ఇంకో కష్టం కూడా ఉంది. అన్ని లిపులకూ ఒకే పట్టిక అయిన యూనికోడ్ మొదటి వెర్షను 1991లో వచ్చినప్పుడే తెలుగుకు అందులో చోటు దొరికింది. విండోస్‌లో ఫైలుకు తెలుగులో పేరు పెట్టుకోవచ్చు. కానీ పాత ప్రోగ్రాములు వాక్యాన్ని యూనికోడ్‌లో కాక, పాత ఒక్క బైటు పద్ధతిలో అడిగి తీసుకుంటాయి. పశ్చిమ యూరప్ భాషలకూ రష్యన్‌కూ ఆ పద్ధతిలో ఒక్కో పట్టిక ఉంది. తెలుగుకు విండోస్ అలాంటి పట్టిక ఇవ్వలేదు. పట్టికలో లేని అక్షరం స్థానంలో ప్రశ్న గుర్తు పడుతుంది. "శుభలేఖ" అని పేరు పెట్టిన ఫైలు అలాంటి ప్రోగ్రాముకు వరసగా ప్రశ్న గుర్తులుగా అందుతుంది. ఫైలు పేర్లలో ప్రశ్న గుర్తు వాడకూడదని విండోస్ నియమం, కాబట్టి ఆ పేరుతో ఫైలు దొరికే అవకాశమే లేదు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షను 7 వచ్చింది 2001లో, దానికి యూనికోడ్ తెలియదు. మన డీటీపీ షాపుల్లో పత్రిక అంతా చక్కటి తెలుగులో ఉండి, ఫైలు పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఉండడానికి ఆపరేటర్ల మోజు కారణం కాదు, అనుభవం కారణం. అను ఫాంట్ల పద్ధతిలో పత్రికలో కనిపించే తెలుగు కూడా యంత్రం దృష్టిలో ఇంగ్లీషు అక్షరాలూ కొన్ని గుర్తులూ మాత్రమే, తెలుగు రూపం తొడుక్కున్నవి. యూనికోడ్ దారిలో వచ్చిన నిజమైన తెలుగు ప్రశ్న గుర్తులైపోతుంటే, ఈ వేషం వేసుకున్న తెలుగు మాత్రం ఆ పాత ప్రోగ్రాముల్లో ముప్పై ఏళ్లుగా నిక్షేపంగా బతుకుతోంది.

వరుడు & వధువు

శుభలేఖల ఫైళ్లకు సహజంగా పెట్టే పేరు ఏమిటి? వరుడి పేరు, వధువు పేరు, మధ్యలో ఆ మెలికల గుర్తు. రాంబాబు&సీత. సీఎండీకి మాత్రం ఆ గుర్తు దంపతులను కలిపేది కాదు. ఇక్కడితో ఒక ఆదేశం అయిపోయింది, ఇక్కడి నుంచి రెండోది అని దాని అర్థం. ఫైలును మౌసుతో పట్టుకుని బ్యాచ్ ఫైలు మీద వదిలితే ఎక్స్‌ప్లోరర్ ఆ పేరును పారామీటరుగా పంపుతుంది. పేరులో ఖాళీ ఉంటే చుట్టూ కొటేషన్లు పెడుతుంది. ఖాళీ లేకపోతే పెట్టదు. కాబట్టి "రాంబాబు & సీత" అని విడదీసి రాస్తే పని జరుగుతుంది. "రాంబాబు&సీత" అని కలిపి రాస్తే బ్యాచ్ ఫైలుకు అందేది రాంబాబు ఒక్కడే. మిగిలిన సీతను సీఎండీ ఒక ఆదేశం అనుకుని, ఆ పేరుతో ప్రోగ్రాము ఏదైనా ఉందా అని వెతుకుతుంది.

నవ్వుకుని వదిలేయాల్సిన సంగతే, ఆ రెండో సగం నిజంగా ఏదో ఒక ఆదేశం కాకపోతే. ఫైలు పేరు పెట్టేది బయటివాడైతే? పేరుగా పంపిన మాట ఆదేశంగా మారిపోయే ఈ దారిని కమాండ్ ఇంజెక్షన్ అంటారు. 2024 ఏప్రిల్‌లో ఇది ప్రపంచమంతా వార్త అయింది. ఎంతో భద్రమైనదని పేరున్న రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ప్రోగ్రాము విండోస్‌లో బ్యాచ్ ఫైలును లేపుతూ పారామీటర్లను జాబితాగా ఇచ్చినా, లోలోపల అవి మళ్లీ సీఎండీ వాక్యంగా మారుతున్నాయనీ, అక్కడ కొటేషన్ల లెక్క తప్పుతోందనీ ఒక జపాన్ పరిశోధకుడు చూపించాడు. లోపానికి బ్యాట్‌బ్యాడ్‌బట్ అని పేరు పెట్టాడు. తీవ్రత కొలమానంలో రస్ట్ లోపానికి పదికి పది పడింది. ఇంకొన్ని భాషలకూ అదే జబ్బు ఉందని తేలింది. ఈ గొడవంతా చదివాక నాకు అనిపించేది ఒకటే: జాబితాగా పంపే దారి ఉన్నప్పుడు వాక్యం కుట్టి పంపకూడదు. పైథాన్ నేర్చుకునే కుర్రవాళ్లు ఇంకో ప్రోగ్రామును లేపే సబ్‌ప్రాసెస్ వాడేటప్పుడు, మాటలను షెల్‌కు వాక్యంగా అప్పగించేలా "షెల్ = ట్రూ" అని రాసేస్తుంటారు, అప్పటికి పని అయిపోతుందని. చాలాసార్లు అది రాయకపోయినా ఆ పని అవుతుంది.

మన ఊళ్ల జిరాక్స్ షాపులకు ఈ పాఠం పుస్తకాల ద్వారా రాలేదు, పెన్‌డ్రైవుల ద్వారా వచ్చింది. ఫొటోలనో అప్లికేషన్లనో ఎవరో పెన్‌డ్రైవులో తెస్తారు. అందులో ఫోల్డర్లన్నీ ఉన్నట్టే కనిపిస్తాయి, కాకపోతే ప్రతి బొమ్మ మూలనా చిన్న బాణం గుర్తు. అదే షార్ట్‌కట్ వైరస్. అసలు ఫోల్డర్లను అది దాచేసి, అవే పేర్లతో షార్ట్‌కట్లు పెడుతుంది. షార్ట్‌కట్ అంటే మరేమీ కాదు, ప్రోగ్రాము పేరూ పారామీటర్లూ రాసి పెట్టుకున్న చీటీ. ఆ చీటీలో సీఎండీ పేరు ఉంటుంది. దాని తర్వాత వైరస్‌ను నడిపే ఆదేశం, మెలికల గుర్తు, ఆపైన అసలు ఫోల్డరును తెరిచే ఆదేశం. నొక్కినవాడికి ఫోల్డరు తెరుచుకుంటుంది, ఫొటోలు కనిపిస్తాయి, అనుమానమే రాదు. అంతకు ముందే ఎక్కాల్సినది కంప్యూటరులోకి ఎక్కేసి ఉంటుంది. దీనికి ముందు తరంలో ఇంత శ్రమ కూడా లేదు. పెన్‌డ్రైవు పెట్టగానే ఏ ప్రోగ్రామును లేపాలో ఆటోరన్ అనే చిన్న ఫైలు విండోస్‌కు చెప్పేది, విండోస్ వినేది. 2008లో పుట్టిన కాన్‌ఫికర్ అనే వర్మ్ ఆ మర్యాదను బాగా వాడుకుంది. మైక్రోసాఫ్ట్ విండోస్ 7 నుంచి పెన్‌డ్రైవులకు ఆ సదుపాయం తీసేసింది. 2011లో పాత విండోస్‌లకూ అదే సవరణ పంపింది.

షార్ట్‌కట్ వైరస్‌కు విరుగుడుగా చాలామంది కంఠతా పట్టిన మంత్రం ఒకటుంది. సీఎండీ తెరిచి "ఆట్రిబ్" అని కొట్టి, మైనస్ హెచ్, మైనస్ ఆర్, మైనస్ ఎస్, ఆ తర్వాత వాలు గీతలతో ఎస్, డీ. అర్థం తెలియకుండానే లక్షసార్లు కొట్టినవాళ్లు ఉన్నారు. అర్థం తేలికే. ఆట్రిబ్ అనేది ప్రోగ్రాము పేరు. దాచిన గుర్తు తియ్యి, రాయకూడదన్న గుర్తు తియ్యి, సిస్టమ్ ఫైలన్న గుర్తు తియ్యి, లోపలి ఫోల్డర్లలోకి వెళ్లు, ఫోల్డర్లకు కూడా ఇదే చెయ్యి. ఐదూ పారామీటర్లే. పారామీటర్లతో పోగొట్టినదాన్ని పారామీటర్లతోనే తిరిగి తెచ్చుకోవడం అన్నమాట.

బ్రౌజరు నుంచి వేలిముద్ర మిషను దాకా

ఇంతవరకూ ఒకే యంత్రంలో ఉన్న ప్రోగ్రాముల మధ్య వ్యవహారం చూశాం. ఇప్పుడు నాగాయలంకలోనో కోడూరులోనో గ్రామ సచివాలయానికి ఆధార్‌తో ముడిపడిన పని మీద వెళ్లండి. 2011లో మొదలైన మీసేవ కేంద్రాల నుంచి 2019 అక్టోబరు 2న మొదలైన సచివాలయాల దాకా పని అంతా బ్రౌజరులోనే. పేజీ ఎక్కడో ఉన్న సర్వరు నుంచి వస్తుంది. వేలిముద్ర మిషను ఎదురుగా బల్ల మీద, యూఎస్‌బీ తీగకు ఉంటుంది. వెబ్ పేజీకి మీ కంప్యూటరులో ప్రోగ్రామును నేరుగా లేపే అధికారం లేదు. ఉండకూడదు కూడా, ఉంటే చూసిన ప్రతి పేజీ ఒక పెన్‌డ్రైవు అయ్యేది. అయినా "వేలు పెట్టండి" అన్న మరుక్షణం మిషనులో ఎర్ర దీపం వెలుగుతుంది.

మిషను తయారుచేసిన కంపెనీ ఇచ్చే ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రాము ఆ కంప్యూటరులో ముందునుంచే మేలుకుని, 11100 నుంచి 11120 దాకా నంబర్లున్న పోర్టుల్లో (నంబరు వేసిన తలుపుల్లాంటివి) ఒకదాని దగ్గర కాచుకుని ఉంటుంది. ఆధార్ సంస్థ 2017లో రిజిస్టర్డ్ పరికరాల పద్ధతికి మారేటప్పుడు పెట్టిన నియమం ఇది. పేజీ ఒక్కో పోర్టునూ తట్టి "ఆర్‌డీ సర్వీసేనా?" అని అడుగుతుంది. బదులు వచ్చిన చోట "క్యాప్చర్" అని చెప్పి, పారామీటర్లు అందిస్తుంది: ఎన్ని వేళ్లు, ఏ రకం ముద్ర, ఎన్ని మిల్లీసెకన్లు ఆగాలి, ఇది పరీక్షా నిజమైన పనా. ఇక్కడ పారామీటర్లను వాక్యంగా కుట్టరు. ఒక్కో వివరానికీ పేరు పెట్టి, ఎక్స్‌ఎంఎల్ చట్రంలో ఇస్తారు. ఏ మాట ఎక్కడ తెగాలన్న వివాదం పుట్టే అవకాశం చాలా తక్కువ. తిరిగి వచ్చే వేలిముద్ర కూడా తాళం వేసిన మూటలో వస్తుంది. ఆ తాళం తీయగలిగేది ఆధార్ సర్వరు. అడిగిన పేజీకి కూడా లోపల ఏముందో తెలియదు. కమాండ్ లైన్ కాలమ్‌లో ఎవరికంటే వారికి కనిపించే మాటలతో పోలిస్తే ఇది ఎంత మెరుగో చెప్పక్కర్లేదు. రహస్యాలను, ముఖ్యంగా పాస్‌వర్డులను, కమాండ్ లైన్‌లో పంపకూడదనడానికి ఆ కాలమ్ ఒక్కటే చాలు.

పోర్టు దగ్గర కాచుకుని ఉండడంలోనూ ప్రమాదం ఉంది. 2019 జులైలో జూమ్ సంస్థ మ్యాక్ కంప్యూటర్లలో ఇలాగే ఒక చిన్న సర్వరును పెట్టిందని బయటపడింది. మీటింగు లింకు నొక్కినప్పుడు "తెరవనా?" అని బ్రౌజరు అడిగే ఒక్క ప్రశ్నను తప్పించడానికి. ఫలితంగా ఏ వెబ్‌సైటైనా ఆ పోర్టును తట్టి, కెమెరాతో సహా మీటింగులోకి లాగేయగలిగేది. జూమ్‌ను తీసేసినా ఆ సర్వరు ఉండిపోయేది, అడిగితే జూమ్‌ను మళ్లీ ఎక్కించేది కూడా. చివరికి ఆపిల్ తానే ఒక అప్‌డేటు పంపి దాన్ని తొలగించింది. ఆ ఒక్క ప్రశ్నను విసుగనుకోకూడదు. దాని ముందుదంతా వెబ్‌సైటు చెప్పిన మాట, తర్వాతది మన కంప్యూటరు చేసే పని.

ఫోనులోనూ ఈ ప్రశ్నే ఇంకో రూపంలో ఎదురవుతుంది. అవనిగడ్డ బజారులో చేపల తట్ట పక్కన అతికించిన క్యూఆర్ కోడులో ఉండేది ఒక లింకు: యూపీఐ, పే, ఆపైన పీఏ అనే పేరుతో డబ్బు అందుకునే చిరునామా, పీఎన్ అనే పేరుతో మనిషి పేరు. మొత్తం ముందే వేసిన కోడైతే ఏఎమ్ అనే పారామీటరు కూడా ఉంటుంది. ఒక పారామీటరును ఇంకోదాని నుంచి విడదీసే గుర్తు ఇక్కడ కూడా ఆ మెలికే. అందుకే పేరులో నిజంగా మెలిక గుర్తు ఉంటే దాన్ని శాతం గుర్తుతో మొదలయ్యే సంకేతంగా మార్చి రాయాలి. లింకును నొక్కితే ఆండ్రాయిడ్ ఈ పని చేయగల యాప్‌లేవో చూపించి, మీరు ఎంచుకున్నదానికి పారామీటర్లన్నీ అందిస్తుంది. లింకులో రాసిన పేరును మాత్రం చెల్లింపు యాప్ నమ్మి ఊరుకోదు. చిరునామాను బట్టి బ్యాంకులో ఉన్న పేరును తెప్పించి చూపిస్తుంది. బయటినుంచి వచ్చిన పారామీటరును ఎలా చూడాలో నేర్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మళ్లీ సచివాలయానికి వద్దాం, తిరుగు కబురు సంగతి మిగిలింది. వేలిముద్ర అడిగితే ఆర్‌డీ సర్వీస్ మూటతో పాటు ఒక అంకె ఇస్తుంది. సున్నా అంటే ముద్ర పడింది. 700 అంటే చెప్పిన సమయం అయిపోయినా ముద్ర పడలేదు. 710 అంటే మిషనును ఇంకో ప్రోగ్రాము వాడుకుంటోంది, ఇంకో ట్యాబ్‌లో తెరిచి ఉంచిన పేజీ ఏదైనా ఉందేమో చూసి మూసేయాలి. 720 అంటే మిషనే సిద్ధంగా లేదు, తీగ పీకి మళ్లీ పెట్టాలి. 730 అంటే ముద్ర తీయడం విఫలమైంది. నాట్లు వేసీ, వలలు లాగీ వేళ్ల గీతలు అరిగిన దివిసీమ ముసలివాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది ఈ చివరిదే అయ్యుంటుంది. వేలు తుడిచి ఇంకో వేలు పెట్టించాలి, కాకపోతే కంటిపాప మిషను తేవాలి. పేజీ రాసినవాళ్లు ఈ అంకెలన్నిటినీ కలిపి "విఫలమైంది, మళ్లీ ప్రయత్నించండి" అని ఒకే మాట చూపిస్తే, తీగ ఊడిన మిషను మీద ఒక ముసలాయన పది వేళ్లూ వరసగా నొక్కుతూ కూర్చోవాల్సి వస్తుంది. అంకెతో పాటు కారణాన్ని మాటల్లో చెప్పే చిన్న గడి కూడా ఆ సమాధానంలోనే వస్తుంది. దాన్ని తెర మీద చూపించడానికి ఒక్క లైను కోడు సరిపోతుంది.